చప్పట్లు జనానివి, గెలుపు ఆఫీసుది

సభకు వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కుస్తీ గురించి మాట్లాడతానంటే నేను కోడి రామ్మూర్తి నాయుడు గారితో మొదలుపెడతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. ఆయన గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవాలి, అది ఇంకోసారి. ఇవాళ నేను ట్రంప్ కార్డులతో మొదలుపెడతాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్కూలు ఎదురుగా ఉన్న కొట్లో రెజ్లింగ్ కార్డులు ప్యాకెట్లలో అమ్మేవాళ్లు. కార్డు మీద రెజ్లర్ ఫొటో, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. మనం ఒక అంకె చెప్పాలి, ఎదుటివాడి కార్డులో అంతకన్నా తక్కువుంటే ఆ కార్డు మనది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక వేపచెట్టు కింద కూర్చుని ఆడేవాళ్లం. చేతుల చెమటకు కార్డుల మూలలు నలిగిపోయేవి.

నా కట్టలో షెల్టన్ బెంజమిన్ కార్డు ఒకటి ఉండేది. టీవీలో అతను ఆడుతుంటే కళ్లు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. నేల మీద నుంచి ఒక్క గెంతులో పై తాడు మీద నిలబడేవాడు. కార్డులో మాత్రం ర్యాంకు ఎక్కడో అడుగున ఉండేది, దాన్ని పెట్టి గెలిచిన రోజు నాకు గుర్తు లేదు. "ఈ ర్యాంకులు ఎవరిస్తార్రా అన్నయ్యా?" అని మా పెదనాన్న గారబ్బాయిని అడిగాను. "ర్యాంకులేంట్రా, ఎవడు గెలవాలో కూడా ముందే ఆఫీసులో రాసేస్తారు" అన్నాడు.

ఆ మాట విన్నాక చాలామంది పిల్లలు రెజ్లింగ్ చూడటం మానేశారు. నేను మానలేదు. ఎవరు గెలవాలో ముందే రాస్తున్నారంటే, షెల్టన్ ఓడిపోవడం షెల్టన్ తప్పు కాదన్నమాట. మరి ఎవరి తప్పు? నేను ఇవాళ చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

"అంతా నాటకమే కదా, ఎవరు గెలిస్తే ఏంటి?" అని అడిగేవాళ్లకు నేనొక సంగతి చెబుతాను. మన ఊళ్లలో పద్యనాటకాలు చూసిన వాళ్లున్నారిక్కడ. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు వస్తారు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటాం? పద్యం కోసం, ఆ రాగం కోసం. రెండో కృష్ణుడు "జెండాపై కపిరాజు" ఎత్తుకోగానే జనం లేచి వన్స్ మోర్ అని అరిచారనుకోండి. మూడుసార్లు పాడించుకున్నారు. మర్నాడు పక్క ఊళ్లో కాంట్రాక్టరు అతన్ని పిలిచి, ఇవాళ్టికి నువ్వు భటుడి వేషం వెయ్యి, డైలాగు లేదు, ఈటె పట్టుకుని నిలబడు అన్నాడనుకోండి. అది నాటకమే కదా అని ఊరుకుంటామా? గొంతు అతనిది. ఆ గొంతు పాడే ఏళ్లు కొన్నే.

రెజ్లింగ్‌లో జరిగేది అచ్చంగా ఇదే. ఫలితం రాసేదే కానీ, పడేది మాత్రం నిజమైన ఒళ్లు. చెక్క పలకల మీద పల్చటి ఫోమ్ వేసి, పైన కాన్వాస్ లాగి కట్టిన రింగులో ఏడాదికి వంద రాత్రులకు పైగా వీపు మీద పడేవాళ్లు. జనం ఒకడిని చూసి లేచి నిలబడితే, ఆ పరిశ్రమ భాషలో అతను 'ఓవర్' అయ్యాడంటారు. ఆఫీసు ఒకడిని పైకి తేవాలనుకుంటే 'పుష్' ఇచ్చారంటారు. మామూలుగా ఓవర్ అయినవాడికి పుష్ రావాలి. రాకపోతే ఏం జరుగుతుందో ఒక మనిషి కథలో చూద్దాం.

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ కుర్రాడు. అమెరికాలో అతి పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో అతని పేరు జాక్ రైడర్. 2011 మొదట్లో అతనికి టీవీలో పనే ఉండేది కాదు. పని ఇవ్వమని అడిగి అడిగి, చివరికి తనే ఒక చిన్న కెమెరా పెట్టుకుని యూట్యూబ్‌లో వారం వారం సొంత షో మొదలుపెట్టాడు. ఇంట్లో, కారులో, హోటల్ గదిలో ఎక్కడ వీలైతే అక్కడ తీసేవాడు. తనకు తానే ఇంటర్నెట్ ఛాంపియన్ అని ఒక బెల్టు కూడా చేయించుకున్నాడు. కంపెనీ పైసా ఖర్చు పెట్టలేదు. అయినా కొన్ని నెలలకే స్టేడియాల్లో రైడర్ పేరున్న అట్టలు కనిపించడం మొదలైంది. ఆ నవంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సర్వైవర్ సిరీస్ జరిగింది. పెద్ద స్టార్ ద రాక్ ఏడేళ్ల తర్వాత మళ్లీ రింగులో దిగిన రాత్రి అది. అలాంటి రాత్రి కూడా జనం "మాకు రైడర్ కావాలి" అని అరిచారు. అతనికి ఆ రాత్రి మ్యాచే లేదు.

ఆ అరుపుల్ని ఇక దాచలేక డిసెంబర్‌లో యునైటెడ్ స్టేట్స్ టైటిల్ ఇచ్చారు. నెల తిరగకుండానే తీసేసుకున్నారు. తర్వాత ఏం చేశారో చూడండి. అతన్ని కంపెనీ పెద్ద హీరో జాన్ సీనాకు, కేన్ అనే రెజ్లర్‌కు మధ్య నడుస్తున్న గొడవలో బాధితుడిగా వాడుకున్నారు. కథలో అతను ఇష్టపడ్డ అమ్మాయి సీనాను ముద్దు పెట్టుకుంది. వీల్‌చైర్‌లో కూర్చున్న అతన్ని కేన్ స్టేజి మీద నుంచి తోసేశాడు. ఆ ఏడాది రెసిల్‌మేనియాలో, అంటే కంపెనీ ఏటా చేసే అతి పెద్ద షోలో, అదే అమ్మాయి వల్ల ఓడి, మ్యాచ్ అయ్యాక ఆమె చేతే తన్ను తిన్నాడు. మూడు నెలల్లో ఒక హీరోను జాలి పడాల్సిన మనిషిగా మార్చారు. నా ఉద్దేశంలో ఇది నిర్లక్ష్యం కాదు. నిర్లక్ష్యం చేస్తే మరిచిపోతారు, ఇంత శ్రద్ధగా కింద పడేయరు. వాళ్ల అనుమతి లేకుండా జనం ఒకడిని ఎన్నుకున్నారు. అది ఆఫీసుకు మింగుడు పడలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2016లో, డాలస్ దగ్గర రెసిల్‌మేనియా. ఏడుగురి నిచ్చెన మ్యాచ్. ఒకరికి గాయమైతే ఆ ఖాళీలో రైడర్‌ను వేశారు. పైన వేలాడే బెల్టు పక్కనే నిచ్చెనెక్కి మిజ్ అనే రెజ్లర్ సంబరాలు చేసుకుంటుంటే, వెనక నుంచి రైడర్ ఎక్కి అతన్ని తోసి బెల్టు లాగేసుకున్నాడు. అంత పెద్ద స్టేడియం ఒక్క క్షణం నమ్మలేకపోయింది. వాళ్ల నాన్న రింగులోకి వచ్చి కొడుకును పట్టుకున్నాడు. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మరుసటి రోజు రాత్రే, అదే తండ్రిని రింగు పక్కన కూర్చోబెట్టి, ఆయన్ని కూడా గొడవలోకి లాగి, బెల్టు మిజ్‌కు ఇచ్చేశారు. ఒక్క రోజు. ఆ ఒక్కరోజు కూడా ఎందుకిచ్చారని నాకు ఇప్పటికీ బాధే.

2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన కొత్తలో, కంపెనీ చాలామందితో పాటు అతన్నీ తీసేసింది. జాక్ రైడర్ అన్న పేరు కంపెనీ ఆస్తి, కాబట్టి తన అసలు పేరు మాట్ కార్డోనాతో చిన్న చిన్న హాళ్లలో ఆడటం మొదలుపెట్టాడు. 2021లో నిక్ గేజ్ అనే రక్తపాతం మ్యాచ్‌ల వీరుడితో తలపడి, గాజు ముక్కల మధ్య ఒళ్లంతా రక్తంతో గెలిస్తే, జనం కోపంతో సీసాలు, చెత్త విసిరారు. విలన్‌గా అంత ద్వేషం సంపాదించడం ఈ వృత్తిలో పెద్ద విద్య. మరుసటి ఏడాది ఎన్‌డబ్ల్యూఏ అనే ఇంకో సంస్థలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంటే ఆ సరుకు పదేళ్లూ అతని దగ్గరే ఉంది. చూడాల్సిన వాళ్లే చూడలేదు.

సెసారో సంగతి ఇంకో రకం. స్విట్జర్లాండ్ మనిషి. మనిషి అనాలో యంత్రం అనాలో తెలియనంత బలం. 2014 రెసిల్‌మేనియాలో బిగ్ షో అనే భారీ మనిషిని చేతుల మీద ఎత్తి పై తాడు మీదుగా బయట పడేసి ఆంద్రే ద జెయింట్ ట్రోఫీ గెలిచాడు. స్టేడియం ఊగిపోయింది. మర్నాడే పాల్ హేమన్‌ను అతని మేనేజర్‌గా పెట్టారు. హేమన్ మైకు పట్టుకుంటే రాయి కూడా స్టార్ అవుతుంది, ఇక సెసారోకు తిరుగులేదనుకున్నాం. కానీ అదే రెసిల్‌మేనియాలో హేమన్ పాత క్లయింటు బ్రాక్ లెస్నర్ అండర్‌టేకర్‌కు రెసిల్‌మేనియాల్లో ఉన్న ఓటమెరుగని రికార్డును బద్దలుకొట్టాడు. దాంతో వారం వారం హేమన్ వచ్చి లెస్నర్ గురించే మాట్లాడేవాడు. పక్కన సెసారో చేతులు కట్టుకుని నిలబడేవాడు. వేరేవాడి పెళ్లికి తోడుపెళ్లికొడుకులా. కొన్ని నెలలకు చప్పట్లు తగ్గాయి. ఆ డిసెంబర్‌లో మాజీ రెజ్లర్ స్టీవ్ ఆస్టిన్ చేసిన ఇంటర్వ్యూలో అప్పటి కంపెనీ అధినేత విన్స్ మెక్‌మాన్, సెసారో జనానికి దగ్గర కాలేకపోతున్నాడు, స్విస్ వాడు కావడం వల్లేమో అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు నిజంగా ఒళ్లు మండింది. దగ్గరైనవాడిని దూరం చేసి, దూరంగా ఉన్నావేం అని అడిగినట్టుంది.

ఆ ప్రశ్న అడుగుతున్న ఆస్టిన్ కూడా ఒకప్పుడు ఇలా పారేసిన సరుకే. 1995లో డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ అయిన డబ్ల్యూసీడబ్ల్యూలో ఉండగా చేతికి గాయమై ఇంట్లో ఉంటే, ఆ కంపెనీని నడిపే ఎరిక్ బిషాఫ్ ఫోన్‌లోనే తీసేశాడు. నల్ల చెడ్డీ, నల్ల బూట్లు వేసుకునేవాడిని అమ్ముకోవడం కష్టం అన్నారని ఆస్టిన్ తర్వాత చెప్పుకొచ్చాడు. అదే నల్ల చెడ్డీ, అదే నల్ల బూట్లతో 1996 నుంచి అవతలి కంపెనీలో అతను ఎంత పెద్ద స్టార్ అయ్యాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

డబ్ల్యూసీడబ్ల్యూ గురించి కాస్త ఆగి మాట్లాడాలి. యజమాని టెడ్ టర్నర్ డబ్బు, సొంత టీవీ ఛానెళ్లు, నిండా ప్రతిభ. 1997 అంతా స్టింగ్ అనే రెజ్లర్ ఒక్క మాట మాట్లాడకుండా, ముఖానికి తెలుపు నలుపు రంగు పూసుకుని, స్టేడియం పైకప్పు దూలాల మీద నిలబడి కిందకు చూసేవాడు. ఏడాదికి పైగా మ్యాచ్ లేదు. డిసెంబర్ 28న స్టార్‌కేడ్ అనే వాళ్ల పెద్ద షోలో హల్క్ హోగన్‌తో తలపడే రోజు వచ్చింది. కథ ప్రకారం రిఫరీ హోగన్‌కు అమ్ముడుపోయి గబగబా మూడు లెక్కపెట్టాలి, అన్యాయం జరిగిందని జనం గగ్గోలు పెట్టాలి. కానీ రిఫరీ మామూలుగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఎందుకలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. హోగన్ కాంట్రాక్టులో తన కథ మీద తనకే అధికారం ఉండేదన్నది మాత్రం అందరికీ తెలిసిందే. జనం కళ్లకు కనిపించింది ఏంటంటే, ఏడాది ఎదురుచూసిన వీరుడు నిక్కచ్చిగా ఓడిపోయాడు. తర్వాత మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టి అతన్నే గెలిపించారు కానీ, ఒకసారి గాలి పోయిన బెలూన్ అది.

ఆ మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టించిన మనిషి బ్రెట్ హార్ట్. అంతకు ఏడు వారాల ముందే మాంట్రియల్‌లో, అతనికి తెలియకుండా విన్స్ మెక్‌మాన్ అతన్ని నిజంగానే మోసం చేసి టైటిల్ లాక్కున్నాడు. రెజ్లింగ్ ప్రపంచమంతా అతని గురించే మాట్లాడుకుంటున్న వేళ, కోట్ల జీతమిచ్చి తెచ్చుకున్న ఆ మనిషికి కొత్త కంపెనీ స్టార్‌కేడ్‌లో ఇచ్చిన మొదటి పని ఏంటో తెలుసా? వేరే ఇద్దరి మ్యాచ్‌కు రిఫరీ. రెండేళ్లు ఎటూ కాకుండా తిప్పి తిప్పి, చివరికి 1999 డిసెంబర్‌లో గోల్డ్‌బర్గ్ అనే రెజ్లర్ కాలు తలకు తగిలి మెదడు దెబ్బతిని అతని ఆటే ముగిసింది.

కింద ఇంకో తరం నలిగింది. ఎడీ గెరేరో, రే మిస్టీరియో, క్రిస్ జెరికో. ఎత్తు తక్కువని, పెద్దవాళ్ల మ్యాచ్‌లకు ముందు జనాన్ని ఉత్సాహపరచడానికే వీళ్లు అనుకున్నారు. మెక్సికో పద్ధతిలో ఆడే రెజ్లర్‌కు ముసుగు ప్రాణంతో సమానం, 1999లో రే మిస్టీరియో ముసుగు తీయించారు. జెరికో 1999లోనే వెళ్లిపోయాడు. ఎడీ ఇంకో ముగ్గురితో కలిసి 2000 జనవరిలో బయటికి నడిచాడు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూని ప్రత్యర్థే కొనేసుకున్నాడు. ఎడీ, రే, జెరికో ముగ్గురూ తర్వాత అవతలి కంపెనీలో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. ఆ ఆఫీసులో ఒక్కడైనా వాళ్ల మ్యాచ్‌లప్పుడు రింగు వైపు కాకుండా జనం వైపు చూసి ఉంటే బాగుండేది.

అప్పట్లో ఒక మేలు ఉండేది. ఇక్కడ కాదంటే అక్కడికి పోవచ్చు. ఆస్టిన్ అలాగే బతికాడు. 2001 తర్వాత ఆ తలుపు మూసుకుపోయింది. 2019లో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ వచ్చేదాకా, అమెరికాలో పెద్ద స్థాయిలో జీతమిచ్చే చోటు ఒక్కటే. షెల్టన్ ఆడిన మంచి వయసు సరిగ్గా ఆ కాలంలో పడింది. అతనూ, బ్రాక్ లెస్నరూ మిన్నెసోటా యూనివర్సిటీలో కుస్తీ పట్టిన వాళ్లే, ఒకే చోట తయారైన వాళ్లే. లెస్నర్ 2002 మార్చిలో టీవీలోకి వచ్చి ఆగస్టుకల్లా ఛాంపియన్. షెల్టన్ 2004లో ట్రిపుల్ హెచ్ అనే పెద్ద స్టార్‌ని రింగు మధ్యలో నిక్కచ్చిగా ఓడించాడు, ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్లు ఆ కంపెనీలో ఆడాడు. ప్రపంచ టైటిల్ ఒక్కసారి కూడా దక్కలేదు.

పైగా రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లని రాసుకుంటారు. యూనియన్ లేదు. 1986లో జెస్సీ వెంచురా అనే రెజ్లర్ యూనియన్ పెట్టుకుందామని తోటివాళ్లతో మాట్లాడితే, ఆ కబురు హోగనే యజమానికి చేరవేశాడని తర్వాత కోర్టు కేసులో బయటపడింది. తీసేసినా కొంతకాలం బయట ఆడకూడదనే షరతు, పేరేమో కంపెనీది. ఇన్ని కట్లు ఉన్నవాడు నన్ను సరిగ్గా వాడుకోవట్లేదని గొంతెత్తి ఎలా అడుగుతాడు?

నాకు నచ్చిన ప్రతివాడూ ఛాంపియన్ కావాలని నేను అనను. బెల్టు ఒకటే, ఆడేవాళ్లు వందమంది. విన్స్ మెక్‌మాన్ తయారుచేసిన స్టార్లు లేకపోతే నా బాల్యమే లేదు, అదీ ఒప్పుకుంటాను. కానీ ఇచ్చిన దాన్ని తిరిగి తీసుకునే తీరు ఒకటుంటుంది కదా. ఘనాలో పుట్టిన కోఫీ కింగ్‌స్టన్ పదకొండేళ్లు ఆడి, 2019 ఏప్రిల్‌లో ఎనభై వేల మంది ముందు ఛాంపియన్ అయ్యాడు. అతని చిన్నపిల్లలు రింగులోకి వచ్చారు. నల్లజాతి కుటుంబాలు ఇంట్లో టీవీ ముందు ఏడుస్తున్న వీడియోలు మనమంతా చూశాం. అక్టోబర్ 4న లెస్నర్ వచ్చి పది సెకన్లు కూడా గడవకుండా ఓడించి బెల్టు తీసుకెళ్లాడు. పోనీ ఓడించారు. ఆ తర్వాత కోఫీకి రీమ్యాచ్ లేదు, ఒక్క వారం బాధపడే సీను కూడా రాయలేదు. ఏమీ జరగనట్టు నవ్వుతూ పాత జట్టులోకి వెళ్లి ఆడమన్నారు. పదకొండేళ్లకు ఆ మర్యాద కూడా లేదు.

ఇక మనవాళ్ల సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం గొంతు పట్టుకుంటుంది, ఏమీ అనుకోకండి.

జిందర్ మహల్ కెనడాలోని కాల్గరీలో పుట్టిన పంజాబీ. అతని మేనమామ గామా సింగ్ కూడా అక్కడ పేరున్న రెజ్లర్. 2014లో జిందర్‌ను తీసేశారు, 2016లో మళ్లీ పిలిచారు, వారం వారం ఓడించారు. 2017 ఏప్రిల్‌లో హఠాత్తుగా నంబర్ వన్ పోటీదారు, మే 21కల్లా ఛాంపియన్. ఎందుకు? ఇండియా మార్కెట్ కావాలి. మన జనాభాను చూసి ఇచ్చారు, మనిషిని చూసి ఇవ్వలేదు. నిన్నటిదాకా ఓడినవాడిని జనం ఎలా నమ్ముతారో ఆలోచించలేదు. 170 రోజులకు బెల్టు తీసేశారు. ఆ డిసెంబర్‌లో ఢిల్లీలో షో. అంతదూరం వచ్చి, మన జనం ముందు, జిందర్ ఎవరి చేతిలో ఓడాడో తెలుసా? కంపెనీ పెద్దల్లో ఒకడైన ట్రిపుల్ హెచ్ చేతిలో. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ భాంగ్రా చేశారు. మనం చప్పట్లు కొట్టాం.

రింకూ సింగ్ కథ ఇంకా దగ్గరిది. ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్లో జావెలిన్ విసిరే కుర్రాడు, 2008లో ఒక టీవీ పోటీలో బంతి వేగంగా విసిరి గెలిచి, బేస్‌బాల్ అంటే ఏంటో తెలియకుండానే అమెరికా వెళ్లాడు. పిట్స్‌బర్గ్ జట్టు వాళ్లు సంతకం చేయించుకున్నారు. గాయాలతో అది ఆగిపోయాక 2018లో రెజ్లింగ్‌కు వచ్చాడు. పొడుగాటి జుట్టు, నుదుటి మీద విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు, పేరు వీర్ మహాన్. ఇంతకన్నా రాసి పెట్టినట్టున్న కథ ఎవరికైనా ఉంటుందా? కంపెనీ ఏం చేసింది? 2021 చివరి నుంచి "వీర్ మహాన్ వస్తున్నాడు" అని వారం వారం ప్రకటన. ఐదు నెలలు అదే ప్రకటన. జనం దాన్ని జోకు చేసుకున్నారు. 2022 ఏప్రిల్ 4న వచ్చి రే మిస్టీరియోను, అతని కొడుకును చితక్కొట్టాడు. ఆ వారం ఇండియాలో ఎక్కడ చూసినా అతని పేరే. ఆ తర్వాత ఊరూ పేరూ లేని వాళ్లను రెండేసి నిమిషాల్లో కొట్టించారు, కొన్ని నెలలకు అదీ ఆగింది. ఏడాది ముగిసేలోపు మళ్లీ శిక్షణ స్థాయి షోకి పంపేశారు. బేస్‌బాల్ మాట, పల్లెటూరి మాట, ఆ జీవితంలో ఒక్క ముక్క కూడా అతని నోట చెప్పించలేదు.

2024 ఏప్రిల్‌లో జిందర్, వీర్, అతని జోడీ సంగ, ముగ్గురినీ ఒకేసారి వదిలేశారు.

దానికి ఏడు నెలల ముందు, 2023 సెప్టెంబర్ 8న, ఆ కంపెనీ మన హైదరాబాద్ వచ్చింది. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం కిటకిటలాడింది. సీనా వచ్చినప్పుడు నేనూ గొంతు పోయేలా అరిచాను, దాచుకోను. షో అయిపోయి బయటికొస్తే రోడ్డు మీద ఒకతను టార్పాలిన్ పరిచి టీషర్టులు అమ్ముతున్నాడు. సీనాది, రోమన్ రెయిన్స్‌ది, అండర్‌టేకర్‌ది. అన్నిటినీ అటూ ఇటూ తిప్పి చూసి, వీర్ మహాన్‌ది ఉందా అని అడిగాను.

"ఎవరన్నా ఆయన?" అన్నాడు. నేను చెప్పేలోపే సీనాది ఒకటి దులిపి చేతిలో పెట్టి, "ఇది తీస్కో అన్నా, అందరూ ఇదే తీస్కుంటున్నరు" అన్నాడు.